ప్రింటరు గదికి చదువురాని మనిషి కావలెను

గోనెసంచుల సంస్థ హెడ్డాఫీసులో ప్రింటరుకి కాపలా పెట్టిన రోజున నేను ఆ వరండాలోనే ఉన్నాను. ఒళ్ళో పెరుగన్నం డబ్బా, డబ్బా చుట్టూ పాత వారపత్రిక, మనసులో నా మామూలు భయాలు. కర్ర పట్టుకుని వచ్చిన కాపలా మనిషి ప్రింటరు గది ముందు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ప్రింటరువైపు చూస్తే అందులో ఏం అచ్చవుతోందో కనపడుతుందట. అందుకని కాపలా కాసేవాడు దాన్ని చూడకూడదని ఆర్డరు.

నాకు అక్కడేం పనో ముందు చెప్పాలి. నా మనవరాలు మంజరికి ఆ సంస్థలోనే ఉద్యోగం, ఆమదాలవలస గోదాములో. దాని మొగుడు త్రినాథ్‌దీ ఆ సంస్థే, ఆదోని గోదాములో. రాష్ట్రానికి ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు. వాళ్ళకో చిన్న ఆడపిల్ల. దానికి తండ్రంటే ఫోను. అన్నం తింటూ తింటూ ఫోనుకి కూడా ఓ ముద్ద పెడుతుంది. ఇప్పటికి రెండు ఫోన్లు పెరుగన్నం తిని చచ్చిపోయాయి. తమని ఒకచోటికి చేర్చమని మొగుడూ పెళ్ళాం వేరువేరుగా అర్జీలు పెట్టుకున్నారు. బదిలీల గడువు శుక్రవారం సాయంత్రం ఐదింటితో ఆఖరు. అది దాటితే మళ్ళీ మూడేళ్ళ దాకా అడగడానికి లేదు. వాళ్ళకి సెలవు దొరకదు, నాకు పని లేదు, ఆఫీసు మా ఇంటికి రెండు వీధుల అవతల. రోజూ పొద్దున్నే వచ్చి కూర్చునేదాన్ని.

ఎడబాటు సంగతి నాకు కొత్తగా ఎవరూ చెప్పనక్కరలేదు. రైలు కూత వినిపిస్తే ఇప్పటికీ గుమ్మం దాకా వెళ్ళి చూసివస్తాను. ఎవరో వస్తారని కాదు, ఎవరైనా వెళ్ళిపోతున్నారేమోనని.

"మీ మంజరి కాగితం అయిపోయిందండి మామ్మగారూ. ప్రింటు తియ్యడమే తరవాయి" అన్నాడు ఉత్తర విభాగం సూపరింటెండెంటు దొరయ్య.

"మరి తియ్యండి బాబూ."

"అదేనండి కష్టం."

ఆ కష్టం పేరు చిదానందం గారు. సంస్థకి కొత్తగా వెలిసిన సమాచార భద్రతాధికారి. అంతకు ముందు సంచులకి చిల్లులు వెతికే విభాగంలో పని చేశారు. చిల్లు లేని సంచిలో కూడా చిల్లు చూపించగలరని పేరు. ఆయన ఏదో పెద్ద ఊళ్ళో సదస్సుకి వెళ్ళివచ్చారు. ప్రింటరు కడుపులో జ్ఞాపకం ఉంటుందనీ, అది అచ్చువేసిన ప్రతి కాగితాన్నీ దాచుకుంటుందనీ, ఎక్కడో కూర్చున్న దొంగ తీగ ద్వారా ఆ జ్ఞాపకాన్ని లాగెయ్యగలడనీ అక్కడ చెప్పారట. మాట నిజమే అయి ఉంటుంది. మామూలు మనిషైతే ఇది విని తాళం వేసుకుని పడుకునేవాడు. ఆయన అధికారి కనక అందరి నిద్రా పోగొట్టారు.

సిబ్బందినందరినీ హాల్లోకి పిలిచి ఉపన్యసించారు. తలుపు తీసే ఉంది కనక నేనూ విన్నాను.

"ప్రింటరు అనునది ఒక యంత్రము అను అపోహను సిబ్బంది తక్షణమే విడనాడవలెను. అది మన సంస్థ యొక్క సమస్త రహస్యములు ఎరిగిన వ్యక్తి. జనరల్ మేనేజరు గారికి సైతం అన్ని విభాగముల రహస్యములు తెలియవు. ప్రింటరుకు తెలుసు. దానితో తదనుగుణమైన మర్యాదతో మెలగవలెను."

"మనకి రహస్యాలేం ఉన్నాయండి?" అన్నాడు దొరయ్య. "సంచి ధర బయట గోడ మీదే రాసుంటది కదండి."

"గోడకు నెట్‌వర్కు లేదు" అన్నారు చిదానందం గారు.

మొదట సంకేతపదం మార్చారు. అంతవరకూ అది ఒకటి, రెండు, మూడు, నాలుగు. కొత్తది ఎవరికీ తెలియకూడదు. తెలిసినవాడు ఏదో ఒక రోజు నోరు జారతాడు కనక, తనకి కూడా తెలియకుండా చిదానందం గారు కళ్ళు మూసుకుని పది మీటలు నొక్కారు. సరిచూసుకోవడానికి ఇంకోసారి నొక్కమంది యంత్రం. ఆ మధ్యాహ్నమంతా ఆయన కళ్ళు మూసుకుని నొక్కుతూనే ఉన్నారు. చివరికి పక్క ఊరినుంచి మెకానిక్కు వచ్చి దాన్ని మళ్ళీ ఒకటి, రెండు, మూడు, నాలుగుకి తీసుకువచ్చాడు. ఇంత జరిగాక దీన్ని ఎవరూ ఊహించరు కనక ఇదే భద్రమైనదని నిర్ణయించారు.

తరవాత తీగ తెంపారు. కంప్యూటరు ఒక గదిలో, ప్రింటరు ఒక గదిలో. మధ్యన ఉన్న నీలం తీగని అటెండరు ఏసుపాదం చుట్ట చుట్టి భుజాన వేసుకుని పోతుంటే లేచి రెండడుగులు వెంట వెళ్ళాను.

"ఇహ అవి రెండూ కలవవా నాయనా?" అని అడిగాను.

"కలుస్తాయండి మామ్మగారూ. రోజూ నాలుగింటికి కంప్యూటర్ని బండి మీదెక్కించి ప్రింటరు గదికి తోల్తామండి. పావుగంట ములాఖతు. ఆయ్. మళ్ళీ వెనక్కి తెచ్చేస్తాం."

కంప్యూటరుకైనా రోజూ పావుగంట దొరుకుతోందే అనుకున్నాను.

ఆ ఊపులోనే ఉత్తర విభాగానికీ దక్షిణ విభాగానికీ మధ్య గోనెపట్టా తెర కట్టించారు. అంతవరకూ ఆ రెండు విభాగాలవాళ్ళూ ఎదురుబొదురుగా కూర్చుని ఒకే పొట్లంలో పకోడీలు తినేవారు. ఇప్పుడు ఒకరి కాగితం సంగతి ఒకరికి తెలియకూడదు. మంజరి కాగితం ఉత్తరానిది, త్రినాథ్ కాగితం దక్షిణానిది. తెర మీదుగా పకోడీలు మాత్రం వెళ్ళేవి. మాటలు వెళ్ళేవి కావు.

అన్నీ అయ్యాయి గానీ అసలు చిల్లు మిగిలిపోయిందని చిదానందం గారికి బుధవారం తట్టింది. అచ్చయిన కాగితాన్ని ఎవరో ఒకరు ప్రింటరులోంచి తియ్యాలి. తీసేవాడికి కళ్ళుంటాయి. చూస్తే చదువుతాడు. చదివితే రహస్యం బయటికి పొక్కినట్టే.

దొరయ్య కళ్ళకి గంతలు కట్టి లోపలికి పంపి చూశారు. అతను చేతులు చాచి తడుముకుంటూ వెళ్ళి కాపలా మనిషి చొక్కా జేబులోంచి లాటరీ టిక్కెట్టు తీసి సీలు వేసి జనరల్ మేనేజరు గారి బల్ల మీద పెట్టాడు. జనరల్ మేనేజరు భావనారాయణ గారు దాని మీద సంతకం చేసేశారు. ఆయన కాగితాలు చదవకుండా సంతకం పెట్టడం చాలా ఏళ్ళుగా ఉన్నదే. అందుచేత భద్రతా సంస్కరణలవల్ల ఇబ్బంది పడని మనిషి ఆ ఆఫీసులో ఆయనొక్కరే.

"చదువు రాని వ్యక్తిని నియమించుట మినహా గత్యంతరము లేదు" అన్నారు చిదానందం గారు.

ఏసుపాదాన్ని పిలిచారు. అతను పదో తరగతి ప్యాసు. కాపలా మనిషి డిగ్రీ. నిరక్షరాస్యుణ్ణి ఒకణ్ణి అత్యవసరంగా పంపమని జిల్లా ఆఫీసుకి రాశారు. గురువారం పొద్దున్నే జవాబు వచ్చింది. జిల్లాలో నిరక్షరాస్యులు లేరని సభ పెట్టి ప్రకటించి యున్నాము, కావున సరఫరా చేయజాలము, మీకెవరైనా తారసపడినచో వెంటనే మాకు అప్పగించవలెను, వారిని అక్షరాస్యులను చేసెదము, అని దాని సారాంశం. ఇది విని చిదానందం గారు వరండాలోకి వచ్చి నిలబడ్డారు. ఆయన చూపు నా మీద పడింది. తరవాత నా తలకి పైన పడింది.

నా తలకి పైన గోడ మీద 'ఇచట కూర్చొనరాదు' అని రాసి ఉంది. నేను మొదటి రోజే చదివాను. అయితే ఫాను కూడా అక్కడే ఉంది.

"గమనించితిరా?" అన్నారాయన మెల్లిగా. "వారము రోజులుగా ఈమె ఈ హెచ్చరిక క్రిందనే ఆసీనురాలై యున్నది. చదువు వచ్చిన పౌరులెవరైనా అలా చేయుదురా?"

"చదువొచ్చినోళ్ళే కదండి చేసేది" అన్నాడు దొరయ్య.

"మామ్మగారూ, మీ పేరేమి?"

"గంగరత్నం బాబూ."

"మీకు చదువు వచ్చునా?"

ఇది నన్ను అడగదగ్గ ప్రశ్న కాదు. మా ఆయన ఖరగ్‌పూరులో రైలుపనికి వెళ్ళిన కొత్తలో ఉత్తరాలు రాసేవారు. మా వీధి పోస్టుమాను అరుగు మీద కూర్చుని గొంతెత్తి చదివి వినిపించేవాడు. ఒకసారి మా ఆయన ఎక్కడలేని ముచ్చటా పుట్టి నా జడ గురించి నాలుగు వాక్యాలు రాశారు. నెలరోజులు నూతి దగ్గర ఆడవాళ్ళు నా జడ పట్టుకుని లాగి నవ్వారు. అప్పుడు పట్టుదల వచ్చింది. కొట్టువాడు చింతపండు కట్టిచ్చిన కాగితాలు విప్పి, కూడబలుక్కుని, నాకు నేనే చదువు నేర్చుకున్నాను. సగం కథలు పొట్లం చిరిగిన దగ్గర ఆగిపోయేవి. తీరా నాకు చదవడం వచ్చేసరికి ఉత్తరాలు రావడం ఆగిపోయింది. బొగ్గుముక్కతో గోడ మీద నా పేరు రాసుకుని, ఇక మీదట నా బొటనవేలు ఎవరికీ ఇవ్వనని ఒట్టు పెట్టుకున్నాను.

శుక్రవారం రేపే. కాగితం లోపల ఉంది.

"చదువా? మాకెక్కడొస్తది బాబూ" అన్నాను.

"ఈవిడ మనవరాలి కాగితమే కదండి లోపలుంది" అని గొణిగాడు దొరయ్య.

చిదానందం గారు చటుక్కున తిరిగారు. "లోపలి కాగితములో ఏమున్నదో మీకెలా తెలుసు?"

"తెలీదండి" అన్నాడు దొరయ్య. "నాకేం తెలీదండి."

నాకు పరీక్ష పెట్టారు. మొదటిది రాతపరీక్ష. 'నాకు చదువుట, వ్రాయుట రాదని ధ్రువీకరించుచున్నాను' అనే పత్రాన్ని అభ్యర్థి స్వదస్తూరితో నింపాలి. నింపలేనన్నాను. నూటికి నూరు వేశారు. రెండోది ఆకస్మిక పరీక్ష. చిదానందం గారు మడిచిన కాగితం నా ముఖం ముందు హఠాత్తుగా విప్పారు. 'మీ కాళ్ళ దగ్గర పాము' అని రాసి ఉంది. పామంటే నాకు ప్రాణం పోయేంత భయం. కాలి వేళ్ళు చెప్పుల్లో ముడుచుకుపోయాయి. పైకి మాత్రం చేతులు జోడించి, "ఏ దేవుడిది బాబూ?" అన్నాను. నా వెనక నుంచి చూసిన ఏసుపాదం మాత్రం ఎగిరి బల్ల ఎక్కేశాడు. అతన్ని దించడానికి ఇద్దరు పట్టారు.

"మరి ఆ వారపత్రిక?" అన్నారు చిదానందం గారు, డబ్బా వైపు చూస్తూ.

"బొమ్మలు చూస్తానండి. అన్నానికి మూత బాబూ."

ప్రమాణం చేయించారు. చదవననీ, పొరపాటున చదివినా అర్థం చేసుకోననీ, అర్థమైనా మరిచిపోతాననీ, మరిచిపోయిన సంగతి ఎవరికీ చెప్పననీ. నేను చదివినట్టు ఎప్పుడు తేలినా నేను ముట్టిన కాగితాలన్నీ ఆ క్షణం నుంచి రద్దు. కళ్ళజోడు ఇంట్లో వదిలి రమ్మన్నారు. కళ్ళజోడు లేని ముసలిదాన్ని ఎవరూ అనుమానించరు.

శుక్రవారం నాలుగింటికి బండి కదిలింది. ముందు కాపలా మనిషి వెనక్కి తిరిగి నడుస్తూ, వెనక ఏసుపాదం తోస్తూ, బండి మీద కంప్యూటరు పెళ్ళికూతురులా తల మీద తువ్వాలుతో. గదిలో చిదానందం గారు దానికి తాత్కాలికంగా తీగ తగిలించి, బయటికి పోయి, అద్దంలోంచి నన్ను చూస్తూ నిలబడ్డారు. పెదవులు కదులుతున్నాయేమో చూడాలట. సొంతంగా చదువు నేర్చుకున్నవాళ్ళకి పెదవులు కదలకుండా చదవడం రాదు. ఆ ముక్క ఆయన సదస్సులో విన్నారో ఏమో.

ప్రింటరు మూలిగింది. ఓ కాగితం వచ్చింది, దాని వెనకే ఇంకోటి వచ్చింది. చత్వారం కనక చేతులు బారచాచి పట్టుకున్నాను.

"చూడండి" అంటున్నారు అద్దం అవతల చిదానందం గారు, దొరయ్యతో. "కాగితమును ముఖమునకు ఎంత దూరముగా పట్టినదో. చదువు ఉద్దేశము లేనివారి లక్షణము."

అంత దూరాన నాకు శుభ్రంగా కనపడుతోంది. మొదటిది, త్రినాథ్‌ను ఆదోని నుంచి ఆమదాలవలసకు బదిలీ చేయడమైనది. నా పుణ్యం పండింది. రెండోది, మంజరిని ఆమదాలవలస నుంచి ఆదోనికి బదిలీ చేయడమైనది.

ఇంకోసారి చదివాను. అదే ఉంది. ఉత్తర విభాగం మంజరిని కరుణించింది. దక్షిణ విభాగం త్రినాథ్‌ని కరుణించింది. మధ్యన గోనెపట్టా తెర. ఇద్దరూ సామాన్లు కట్టుకుని ఒకరి ఊరికి ఒకరు వెళ్ళిపోతారు. దారిలో ఏ స్టేషనులోనో ఎదురెదురు రైళ్ళ కిటికీల్లోంచి చెయ్యి ఊపుకుంటారు. పిల్ల మళ్ళీ ఫోనుకి అన్నం పెడుతుంది.

"పెదవులు కదులుచున్నవి" అని అరిచారు చిదానందం గారు.

"జపమండి" అన్నాను.

నోరు విప్పి నిజం చెప్తే చదివినట్టు. చదివినట్టైతే రెండూ రద్దు. చెప్పకపోతే ఇద్దరూ చెరో రైలూ ఎక్కుతారు. గడియారం నాలుగున్నర దాటింది. కుడిచేతిలో త్రినాథ్, ఎడంచేతిలో మంజరి. అదే జపం చేశాను. కుడి త్రినాథ్, ఎడమ మంజరి. ఇంతలో ఏసుపాదం తల లోపలికి పెట్టి, "మామ్మగారూ, టీ అండి" అని గ్లాసు నా చేతికి ఇచ్చేశాడు. పుచ్చుకున్నాక గాని తెలియలేదు, గ్లాసు కోసం రెండు కాగితాలూ ఒకే చేతిలోకి మార్చేశానని. అరవై ఏళ్ళ చదువు ఒక్క గ్లాసు టీలో కలిసిపోయింది. చేసేది లేక గ్లాసు ప్రింటరు నెత్తిన పెట్టి, మళ్ళీ చేతులు బారచాచాను.

"అంతటి రహస్యములు చేతిలో నున్నను ఎంతటి వైరాగ్యము" అంటున్నారు అవతల.

పేరు కనపడింది. ఆ కాగితాన్ని, పిల్లకి చీమిడి తుడిచే గుడ్డని నలిపినట్టు, పిడికిట్లో బాగా నలిపాను.

"బాబూ, ఒకటి నలిగిపోయిందండి. పెద్ద ప్రాణం, చేతులొణుకుతున్నాయి."

చిదానందం గారు లోపలికి వచ్చి, కాగితంవైపు చూడకుండా నా పిడికిలివైపు చూశారు. "గాయపడిన సమాచారము. తక్షణ వినాశనము."

"అదేం కాగితమో ఒక్కసారి చూడొద్దాండి?" అన్నాడు దొరయ్య.

"చూచిన బహిర్గతమగును."

"పోనీ ఇంకోటి అచ్చేస్తే?"

"ఒకసారి అచ్చయినది రహస్యము. రెండుసార్లు అచ్చయినది ప్రచురణ" అన్నారాయన. ఆ మాట ఎక్కడైనా రాసిపెట్టుకోవాలనిపించింది. నాకు రాయడం రాదు కనక ఊరుకున్నాను.

అందరూ కళ్ళు మూసుకోగా కాగితాలు తురిమే మిషనులో దాన్ని వేశాను. కొబ్బరితురుములా కిందకి రాలింది. ఆ తురుముని సంస్థవారి గోనెసంచిలోనే పోసి, కుట్టి, సీలు వేశారు.

మిగిలినదాని మీద దళసరి అట్ట కప్పి, సంతకం చోట మాత్రం చిల్లు పెట్టి భావనారాయణ గారి దగ్గరికి పట్టుకెళ్ళారు. ఆయన చిల్లులో సంతకం చేసి, "ఏం మామ్మగారూ, ఉద్యోగం బాగుందా?" అన్నారు. ఐదు కొట్టకముందే కవరు రిజిస్టరు పోస్టుకి పోయింది.

"ఇచట మీ గుర్తు" అన్నారు చిదానందం గారు, పుస్తకం నా ముందుకి తోసి.

అలవాటు చెడ్డది. బల్ల మీది పెన్ను అందుకున్నాను. మూత తీశాను. చిదానందం గారి చూపు పెన్ను మీద ఉంది. నిదానంగా పెన్ను వెనక్కి తిప్పి, జాకెట్టులోకి దోపి, వీపు గోక్కున్నాను.

"ఉక్కబోతకి పేలిందండి" అన్నాను.

ఏసుపాదం సిరా గుడ్డ పట్టుకొచ్చాడు. ఇంకెవరికీ ఇవ్వనని ఒట్టు పెట్టుకున్న బొటనవేలిని నేనే దాని మీద అద్ది, కాగితం మీద నొక్కాను. ఎంత గట్టిగా నొక్కానంటే కింది పేజీలో కూడా పడింది.

వెళుతూ వెళుతూ ప్రింటరు గదిలోకి తొంగిచూశాను. నెత్తిన టీగ్లాసుతో పచ్చదీపం వెలిగించుకుని కూర్చుంది. దానికి రెండు కాగితాలూ గుర్తే. నేను చదివానని కూడా గుర్తుందేమో. కానీ అంత పెద్ద హోదా ఉన్నదాన్ని ఎవరు వెళ్ళి అడుగుతారు? దణ్ణం పెట్టి వచ్చేశాను.

కొన్నాళ్ళకి నన్ను పర్మనెంటు చేస్తూ సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. నాకు చదువు రాదు కనక విప్పలేదు. నా క్రమశిక్షణని మెచ్చుకుంటూ ఇంకో ఉత్తరం వచ్చింది. అదీ విప్పలేదు.

ఇది మాత్రం చెప్పాలి. మరుసటి వారం ఓ సాయంత్రం ఫోను మోగింది. మంజరి నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. వెనక పిల్ల కేకలు, మగగొంతు, పెట్టె ఈడుస్తున్న చప్పుడు.

"అమ్మమ్మా, వచ్చేశారు. ఆర్డరు కూడా చేతిలో పట్టుకునే దిగారు. పిల్ల ఆయన నోట్లో ముద్ద మీద ముద్ద కుక్కుతోంది, ఫోను దగ్గరకి రానివ్వట్లేదు. నాది మాత్రం ఎటుపోయిందో రాలేదే. పోతే పోయింది. ఆర్డరు ఫొటో తీసి పంపనా? నువ్వే చదువుకుంటావు."

నేను ఫోనుని స్పీకరులో పెట్టి, పట్టుకెళ్ళి వీధి అరుగు మీద పెట్టాను. ఎదురింటి వాళ్ళు, పక్కింటి వాళ్ళు అందరూ గుమ్మాల్లోనే ఉన్నారు.

"నాకు చదువెక్కడొచ్చే" అన్నాను. "నువ్వే చదువు. కాస్త గట్టిగా చదువమ్మా, వీధంతా వినాలి."